తెర మీద మనవాళ్లు కనిపిస్తారేమో!

కదిలే బొమ్మల కథ: 9వ భాగం

కిందటి భాగంలో లూమియేర్ అన్నదమ్ములు 1895లో లియాన్ నగరంలో తమ ఫ్యాక్టరీ గేటు ఎదుట కెమెరా నిలబెట్టి, పని దిగి బయటికొస్తున్న కార్మికులను ఫిలిం మీదికి ఎక్కించిన సంగతి చెప్పుకున్నాం. నిమిషం కూడా లేని ఆ బొమ్మను లోకమంతా వింతగా చూసింది. ఆ వింతలో ఒక బేరం ఉందని పసిగట్టినవాళ్లు మాత్రం ఇంగ్లండ్ ఉత్తరాది వ్యాపారులు. గేటులోంచి వచ్చే ప్రతి మనిషీ రేపు టికెట్ కొనే మనిషే. తన్ను తాను చూసుకోవడానికి వస్తాడు, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని వస్తాడు.

ఇంగ్లండ్‌లో మిగిలిన పాత ఫిలిముల గురించి రాసేటప్పుడు ఎవరు తీశారు, ఎవరు తీయించారు, అందులో నిజమెంత, ప్రచారమెంత అని అడగడం రివాజు. అడగవలసిన ప్రశ్నలే. ఈ భాగంలో మాత్రం తెరకు ఇవతల, చీకట్లో కూర్చున్నవాళ్ల వైపు నుంచి చూద్దాం. 1901లో సంతలో డేరా కింద బల్లల మీద కూర్చున్న మిల్లు కూలీలు, 1916లో హాళ్ల ముందు బారులు తీరిన తల్లులు, 1945లో ప్రత్యేక ఆటకు పిలుపు అందుకున్న భార్యలు. మూడు తరాల వాళ్లూ తెర మీద వెతికింది ఒక్కటే: మనవాళ్లు ఉన్నారా?

బ్లాక్‌బర్న్ గేట్లు

లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్‌లో సాగర్ మిచెల్‌ది ఫొటో సామగ్రి దుకాణం, జేమ్స్ కెన్యన్‌ది ఫర్నిచర్ వ్యాపారం. 1897లో ఇద్దరూ కలిసి సినిమా కంపెనీ పెట్టారు. 'స్థానికులకు స్థానిక చిత్రాలు' అన్నది వాళ్ల ప్రచార వాక్యం. పని తీరు తేలికైనదే. ఊరూరా డేరా వేసుకుని బొమ్మలాడించే ప్రదర్శకులు, మన టూరింగ్ టాకీస్ వాళ్ల లాంటివాళ్లు, ఒక ఊళ్లో సంతకు దిగే ముందు వీళ్లకు కబురు పెట్టేవారు. కెమెరామన్ వచ్చి మధ్యాహ్నం గంట కొట్టే వేళకో, సాయంత్రం మిల్లు వదిలే వేళకో గేటు ఎదుట మూడు కాళ్ల స్టాండు మీద కెమెరా పెట్టి చేత్తో మర తిప్పేవాడు. ఫిలిం ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాలు. కడిగి ప్రింటు తీసి ఒక్కోసారి ఆ రాత్రికే డేరాలో వేసేవారు.

గేటునే ఎందుకు ఎంచుకున్నారంటే, తక్కువ ఫిలింలో ఎక్కువ ముఖాలు దొరికే చోటు అదొక్కటే. జనం ఆగిపోతే వెనకవాళ్ల ముఖాలు పడవు కాబట్టి, ప్రదర్శకుడే కొన్నిసార్లు ఫ్రేములోకి వచ్చి చేతులు ఊపుతూ వాళ్లను ముందుకు తోలుతుంటాడు. ఏ.డి. థామస్ అనే ప్రదర్శకుడు ఇలా చాలా ఫిలిముల్లో కనిపిస్తాడు. వ్యాపారం కోసం పట్టిన ఈ లెక్క వల్లే 1900 నాటి ఉత్తర ఇంగ్లండ్ జనం వేలకు వేలుగా మనకు మిగిలారు. రాణులూ మంత్రులూ కారు. తలకు శాలువా కప్పుకున్న నేత పనివారు, కర్ర అడుగు చెప్పుల్లో పరుగెత్తే పిల్లలు, బొగ్గుమసితో కళ్లు మాత్రమే తెల్లగా మెరుస్తున్న గని కార్మికులు. టోపీ లేని మగవాడు వందమందిలో ఒకడైనా ఉండడు.

ఆ పిల్లల దగ్గర కాసేపు ఆగాలి. మిల్లు గేటులోంచి పదేళ్లు దాటీ దాటని పిల్లలు పెద్దవాళ్ల మధ్య నలుగుతూ వస్తుంటారు. అన్నం క్యారియర్ ఇవ్వడానికి వచ్చినవాళ్లని చాలామంది అనుకుంటారు. కానీ అప్పట్లో అక్కడ పన్నెండేళ్లు నిండిన పిల్లలు సగం రోజు బడికీ సగం రోజు మిల్లుకూ వెళ్లడం చట్టబద్ధం. 1918 విద్యా చట్టం వచ్చేదాకా ఆ ఏర్పాటు పోలేదు. పుస్తకంలో చదివితే ఇది ఒక వాక్యం. ఫిలింలో అయితే ఒక కుర్రాడు కెమెరాను చూసి నాలుక చాపి, వెనకవాడిని మోచేత్తో పొడిచి, మళ్లీ ముందుకొచ్చి నిలబడతాడు. ఎనిమిది గంటల పని, పది గంటల పని అని కాగితాల మీద వాదించుకున్న కాలంలో ఆ పని చేసిన పిల్లవాడు అతనే.

వాళ్ల మగ్గాల మీద నేసిన బట్ట ఎటు పోయిందో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. బ్లాక్‌బర్న్ మరమగ్గాలు ఎక్కువగా నేసినవాటిలో ధోవతులు ముఖ్యం. అవి నేరుగా మన దేశానికే. 1913లో బ్రిటన్ ఎగుమతి చేసిన నూలు బట్ట సుమారు 700 కోట్ల గజాలైతే, అందులో 300 కోట్ల గజాలకు అటూ ఇటూగా ఇండియాకే దిగింది. మన నేతగాళ్ల మగ్గాలు మూలపడటానికి కారణమై, తర్వాత సహాయ నిరాకరణ రోజుల్లో వీధుల్లో మంటలకు ఎక్కిన సీమ గుడ్డ ఇదే. 1931 సెప్టెంబరులో గాంధీజీ బ్లాక్‌బర్న్‌కు పక్కనే ఉన్న డార్వెన్‌కు వెళ్లినప్పుడు, మనం బట్ట కొనడం మానేసినందువల్ల పని పోయినవాళ్ల మధ్య నిలబడ్డారు. ఆయన చుట్టూ మిల్లు ఆడవాళ్లు చేతులెత్తి కేరింతలు కొడుతున్న ఫొటో మీరు చూసే ఉంటారు. ముప్పై ఏళ్ల కిందట మిచెల్, కెన్యన్‌ల కెమెరా ముందు నుంచి నడిచిపోయిన ఆడపిల్లల తరువాతి తరం అది. ఈ ఫిలిములు చూస్తుంటే, మన నేతగాడి పొట్ట కొట్టినది ఈ మనుషులు కారని, వాళ్ల పొట్ట కూడా అదే మగ్గానికి కట్టి ఉందని కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

విచిత్రమేమంటే, వాళ్ల కాలంలో ఈ కంపెనీకి పేరు తెచ్చినవి గేటు ఫిలిములు కానే కావు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరుగుతుంటే, బ్లాక్‌బర్న్ పొలిమేరల్లో పచ్చిక బయళ్ల మీద కొందరికి వేషాలు కట్టి ఆ పోరాటాలను నటింపజేసి తీశారు. జనం వాటిని ఎగబడి చూశారు. యుద్ధాన్ని ఇంటి పెరట్లో తయారు చేయవచ్చని ఇంగ్లండ్ కెమెరాకు అంత తొందరగా తెలిసిపోయింది. ఆ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరపడుతుంది.

సినిమా డేరాల్లోంచి పక్కా హాళ్లలోకి మారాక ఈ వ్యాపారం చల్లబడింది. కెన్యన్ 1925లో, మిచెల్ 1952లో పోయారు. నెగెటివ్‌లు పాల క్యాన్ల లాంటి లోహపు డ్రమ్ముల్లో దుకాణం కింది గదిలో మూతపెట్టి ఉండిపోయాయి. 1994లో ఆ భవనంలో పని జరుగుతుండగా కూలీలకు దొరికాయి. చెత్తలోకి పోవలసినవి. స్థానికంగా సినిమా చరిత్ర అంటే ప్రాణం పెట్టే పీటర్ వర్డెన్ చేతికి చేరి బతికాయి. ఆయన వాటిని కొన్నేళ్లు దాచి, 2000లో బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌కు అప్పగించారు. 800కు పైగా చుట్టలు, మొత్తం దాదాపు 28 గంటల నిడివి.

ఆ కాలపు ఫిలిం నైట్రేట్ ఫిలిం. అంటుకుంటే తనలోంచే ఆక్సిజన్ పుట్టించుకుని నీళ్లలో ముంచినా మండుతుంది. మండకపోయినా కాలం గడిచేకొద్దీ జిగురుగా మారి చివరికి పొడి అవుతుంది. 1951 వరకు దాన్నే తయారు చేశారు. మరోపక్క ఆడి అరిగిన ప్రింట్లను కరిగించి వెండి తీసుకోవడం మామూలు వ్యాపారం. అందుకే తొలినాటి సినిమాలో చాలా భాగం ఏ దేశంలోనూ మిగల్లేదు. మన రఘుపతి వెంకయ్య కుమారుడు ప్రకాష్ లండన్ వెళ్లి బార్కర్ స్టూడియోలో పని నేర్చుకుని వచ్చి 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ ఇవాళ మనకు లేదు. తెలుగువాళ్ల తొలి సినిమా గురించి చదువుకోవడమే తప్ప చూసే భాగ్యం లేదు. బ్లాక్‌బర్న్ డ్రమ్ముల విషయంలో జరిగింది ఎంత అరుదైన సంగతో అర్థం కావాలంటే ఈ లోటుతో పోల్చి చూడాలి. పైగా దొరికినవి కెమెరాలో తిరిగిన అసలు నెగెటివ్‌లు. అందుకే నూట పాతికేళ్ల నాటి శాలువా అంచు కుట్టు కూడా ఇవాళ స్పష్టంగా కనిపిస్తుంది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో సంతల చరిత్ర మీద పనిచేసే వెనెస్సా టూల్మిన్ బృందం దుకాణాల బోర్డులు, గోడ పోస్టర్లు, పాత పత్రికల్లో ప్రదర్శకులు వేయించిన ప్రకటనలు పోల్చి చూసి ఏది ఏ ఊరో, ఏ నెలో తేల్చింది. 2005లో బీబీసీలో ఇవి ధారావాహికగా వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లు తాతముత్తాతలను వెతుక్కున్నాయి.

ఆ ఫిలిములు చూసేవాళ్లలో ఎవరూ తప్పించుకోలేని లెక్క ఒకటుంది. 1901లో గేటు ముందు పన్నెండేళ్ల కుర్రాడు 1914కి పాతికేళ్ల యువకుడు.

సోమ్ నది ఒడ్డున

బ్లాక్‌బర్న్ పక్కనే ఆక్రింగ్టన్. 1914లో ఆ ఊరి కుర్రాళ్లు, చుట్టుపక్కల మిల్లు ఊళ్ల కుర్రాళ్లు ఒకే బెటాలియన్‌గా చేరారు. ఒకే వీధివాళ్లు, ఒకే ఫుట్‌బాల్ జట్టువాళ్లు కలిసి వెళ్లవచ్చన్న ఆశ చూపించి ప్రభుత్వం సైన్యంలోకి పిలిచిన రోజులవి. 1916 జూలై 1న ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధం మొదలైన ఉదయం సెర్ గ్రామం ఎదుట వాళ్లు సుమారు 700 మంది ముందుకు నడిచారు. అరగంట తిరిగేలోపు 235 మంది చనిపోయారు, 350 మంది దాకా గాయపడ్డారు. ఆ ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యానికి జరిగిన నష్టం 57,470 మంది. అందులో చనిపోయినవారు 19,240. కలిసి వెళ్లినవాళ్లు కలిసే పోయారు కాబట్టి, కడుపుకోత కూడా వీధుల లెక్కన వచ్చింది.

సెర్‌కు కాస్త దక్షిణాన, బోమాన్ హామెల్ దగ్గర, అదే ఉదయం జాఫ్రీ మాలిన్స్ కెమెరాతో ఉన్నాడు. ఇంకా దక్షిణాన జాన్ మెక్‌డవెల్. యుద్ధం మొదలైన తొలినాళ్లలో సైన్యం కెమెరాలను దగ్గరికే రానివ్వలేదు. 1915 చివర్లో గానీ అనుమతి దొరకలేదు. ఇద్దరే మనుషులు, చేత్తో తిప్పే బరువైన కెమెరాలు, దూరాన్ని దగ్గర చేసే కటకాలు లేవు. హాథార్న్ గుట్ట కింద సొరంగం తవ్వి నింపిన సుమారు 18 టన్నుల మందుగుండు ఉదయం 7 గంటల 20 నిమిషాలకు పేలినప్పుడు మాలిన్స్ దాన్ని పట్టగలిగాడు. పేలుడు ఎంతకీ రాక, తిప్పుతున్న ఫిలిం ముందే అయిపోతుందేమోనని బెంగపడ్డట్టు తర్వాత రాసుకున్నాడు.

ఆ పేలుడుకన్నా నన్ను పట్టి ఆపేది దానికి కాస్త ముందు తీసిన దృశ్యం. రెండు సైన్యాల నడుమ పల్లంలో ఉన్న బండిబాట. అందులో లాంకషైర్ ఫ్యూజిలియర్స్ దళం దాడికి ఎదురుచూస్తూ కూర్చుని ఉంది. కొందరు సిగరెట్ కాలుస్తున్నారు. కొందరు కెమెరా వైపు చూసి నవ్వబోయి మానేశారు. ఒకరిద్దరి చూపు మనల్ని దాటి ఎక్కడో ఉంది. ఇంకాసేపట్లో వాళ్లు ఆ బాటలోంచి పైకి లేచి మెషిన్ గన్నుల ఎదుటికి వెళ్లబోతున్నారు. ఆ బెటాలియన్‌లో ఆ ఉదయం వందల మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. మిల్లు గేటు దగ్గర కెమెరాను చూసి నాలుక చాపిన ప్రాంతపు మనుషులే వీళ్లు కూడా.

లండన్‌లో ఆ ఫిలింను ఐదు రీళ్ల సినిమాగా కూర్చి 'బ్యాటిల్ ఆఫ్ ది సోమ్' పేరుతో ఆగస్టు 10న తొలిసారి ప్రముఖులకు చూపించారు. ఆగస్టు 21న ఒక్క లండన్‌లోనే 34 హాళ్లలో విడుదలైంది. పోరాటం ఇంకా జరుగుతూనే ఉంది, నవంబరు దాకా ఆగలేదు. మొదటి ఆరు వారాల్లో 2 కోట్ల టికెట్లు తెగాయని అంచనా. దేశ జనాభా నాలుగున్నర కోట్ల లోపే. ఆనాటి తెరల మీద పేర్లు పడే కార్డుల్లో సైనికుల పేర్లు లేవు, దళాల పేర్లే ఉన్నాయి: మాంచెస్టర్ దళం, ఎసెక్స్ దళం, లాంకషైర్ ఫ్యూజిలియర్స్. కొడుకు దళం పేరు కనబడగానే తల్లి ముందుకు వంగి చూసేది. నడిచిపోయే వందమందిలో తన బిడ్డ ఉన్నాడేమో. ఉంటే ఈ ఫిలిం తీసే నాటికి బతికి ఉన్నట్టే. తర్వాత?

ఇటువంటివి వినోదశాలల్లో ఆడించడం దుఃఖంలో ఉన్నవారి గుండెను కోయడమేనని డర్హమ్ చర్చి పెద్ద హెన్స్లీ హెన్సన్ 'టైమ్స్' పత్రికకు లేఖ రాశారు. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లే ఆయనకు జవాబిచ్చారు. తమవాళ్లు ఏ చోట, ఎలా ఉన్నారో కళ్లారా చూసే హక్కు తమకుందన్నారు. మంత్రి లాయిడ్ జార్జ్ కార్యదర్శి ఫ్రాన్సిస్ స్టీవెన్సన్ తమ్ముడు అప్పటికే ఫ్రాన్స్‌లో చనిపోయాడు. సినిమా చూసి వచ్చి, అతను ఏం అనుభవించాడో ఇప్పటిదాకా ఊహించుకోవడానికి ప్రయత్నించానని, ఇప్పుడు తెలిసిందని ఆమె డైరీలో రాసుకుంది. నాకు హెన్సన్ బాధ అర్థమవుతుంది, కానీ నేను ఆ ఆడవాళ్ల పక్షమే.

ఇక పెరట్లో యుద్ధం సంగతి. ఈ సినిమాలో అందరికీ గుర్తుండిపోయే దృశ్యం సైనికులు కందకంలోంచి పైకెక్కి ముందుకు దూకడం, ఒకడు ఎక్కుతూనే గట్టు మీద జారి పడిపోవడం. అది నటింపజేసినది. ఇంపీరియల్ వార్ మ్యూజియం పరిశోధకులు దాన్ని ఫ్రేము ఫ్రేముగా పరిశీలించి చెప్పిన కారణాలు సూటిగా ఉన్నాయి. వాళ్ల వీపుల మీద మూటలు లేవు, కందకం లోతు చాలదు, నిజంగా గుళ్లు వస్తుంటే కెమెరా ఆ చోట నిలవదు, పడిపోయి 'చనిపోయినవాడు' కాలు మీద కాలు సర్దుకుంటాడు. నిజమైన దాడి కూడా ఫిలింలో ఉంది. దూరాన, పొలం మీద చీమల్లాంటి చుక్కలు కదులుతూ ఉంటాయి, అంతే. చూసేవాళ్లకు అది చాలదని మాలిన్స్‌కు తెలుసు. సుమారు 77 నిమిషాల సినిమాలో నటనగా తేలిన భాగం చాలా కొద్ది. ఆ కొద్ది భాగమే ఈనాటికీ మొదటి ప్రపంచ యుద్ధం అనగానే ప్రతి డాక్యుమెంటరీలోనూ అరువు తెచ్చుకుని వేస్తారు. పల్లపు బాటలో కూర్చున్న నిజమైన ముఖాలను వదిలి నటించిన చావును పదే పదే చూపడం చనిపోయినవాళ్ల పట్ల చేసే అన్యాయమని నా అభిప్రాయం. 2018లో పీటర్ జాక్సన్ ఇలాంటి ఫిలిములకు రంగులద్ది, పెదవుల కదలికలు చదివేవాళ్లతో మాటలు పట్టించి కొత్త సినిమా తీశాడు. ఎంతోమంది కుర్రకారు దాని వల్ల ఆ యుద్ధం వైపు తిరిగి చూశారు, మంచిదే. పల్లపు బాటలోని ఆ చూపులకు మాత్రం ఏ రంగూ అక్కర్లేదు.

1917లో పుట్టిన ఇంపీరియల్ వార్ మ్యూజియం 'బ్యాటిల్ ఆఫ్ ది సోమ్'ను కాపాడింది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ జ్ఞాపక జాబితాలో చేర్చింది.

బొంబాయి నుంచి మాంచెస్టర్‌కు

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి కెమెరాకు లోటు లేదు. న్యూస్‌రీలు కంపెనీలు వారానికి రెండుసార్లు కొత్త రీళ్లు పంపేవి. 1946లో బ్రిటన్ సినిమా హాళ్లలో తెగిన టికెట్లు 160 కోట్లకు పైమాటే. న్యూస్‌రీళ్లలో గంభీరమైన గొంతు ఒకటి ఏం చూడాలో, చూసి ఏమనుకోవాలో చెబుతూ ఉంటుంది. ఆ గొంతును తీసేసే ధైర్యం చేసినవాడు హంఫ్రీ జెన్నింగ్స్. 1942లో స్టూవర్ట్ మెకాలిస్టర్‌తో కలిసి తీసిన 'లిజన్ టు బ్రిటన్'లో వ్యాఖ్యానం లేదు. ఫ్యాక్టరీ క్యాంటీన్లో పాట, నేషనల్ గ్యాలరీలో మైరా హెస్ పియానో, రైళ్లు, విమానాలు, బడి ఆవరణ. ఇరవై నిమిషాలు. రోజీ న్యూమన్ అనే ఆవిడ సొంత ఖర్చుతో 16 ఎంఎం కోడాక్రోమ్ మీద యుద్ధకాలపు బ్రిటన్‌ను రంగుల్లో తీసింది. వీటి గురించి ఇంతకుమించి రాయాలంటే ఇంకో భాగం పడుతుంది. మనవాళ్ల కోసం వెతుకులాట అన్న దారం వీటిలో లేదు. అది ఉన్నది వేరే చోట. ఆ ఫిలిములు తీసింది మన గడ్డ మీదే.

బర్మాలో జపాన్‌తో పోరాడుతున్న పద్నాలుగో సైన్యంలో ఎక్కువమంది మన దేశపు సైనికులే. వాళ్లతో పాటు బ్రిటిష్ కుర్రాళ్లు కూడా మూడేళ్లు, నాలుగేళ్లు ఇంటి ముఖం చూడకుండా ఉండిపోయారు. ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. స్వదేశంలో పత్రికలన్నీ యూరప్ యుద్ధంతోనే నిండిపోతుంటే, తమను అందరూ మరిచిపోయారన్న దిగులు వాళ్లలో పాకింది. ఆ దిగులు తగ్గించడానికి ఇండియాలోని సైనిక సంక్షేమ విభాగం 1944లో 'కాలింగ్ బ్లైటీ' అనే వరుస చిత్రాలు మొదలుపెట్టింది. బ్లైటీ అంటే సైనికుల వాడుకలో స్వదేశం. ఒకే ఊరికో ఒకే ప్రాంతానికో చెందిన పాతికమంది దాకా ఒక చోట చేర్చి, కొన్నిసార్లు బొంబాయిలో స్టూడియో సెట్ వేసి, కొన్నిసార్లు ఆరుబయట, ఒక్కొక్కరినీ కెమెరా ముందుకు పిలిచేవారు. ఒక్కొక్కరికి కొన్ని క్షణాలు. ఇంటివాళ్లతో నేరుగా మాట్లాడాలి.

రీలు ఇంగ్లండ్ చేరాక ఆ పాతికమంది ఇళ్లకూ ఉత్తరాలు వెళ్లేవి: ఫలానా హాల్లో ఆట ఉంది, మీవాడు మాట్లాడతాడు, రండి. బ్లాక్‌బర్న్‌లో ప్రదర్శకుడు టికెట్ల కోసం చేసిన పనిని ఇక్కడ ప్రభుత్వం ఆదరణతో చేసింది. సోమ్ సినిమాకు వెళ్లిన తల్లికి కొడుకు కనిపిస్తాడో లేదో తెలియదు, ఈ తల్లికి తప్పక కనిపిస్తాడని తెలుసు. అందుకే ఈ ఆటకు వచ్చినవాళ్లు బిడ్డలను ఎత్తుకుని వచ్చారు, నాన్నను ఎప్పుడూ చూడని బిడ్డలను కూడా.

ఆ ఫిలిముల్లో మాటలు పెద్దగా ఏమీ ఉండవు. అమ్మా బాగున్నావా, నేను బాగున్నాను, అందరినీ అడిగానని చెప్పు, త్వరలో వచ్చేస్తాను. కొందరు బట్టీ పట్టిన వాక్యం మధ్యలో మరిచిపోయి కళ్లు చిట్లిస్తారు. కొందరు భార్య పేరు పలికి ఆగిపోతారు, వెనక నిలబడ్డ స్నేహితుల ముందు ఆ తర్వాతి మాట నోట రాదు. ఉత్తరాది యాస, ఎండకు కమిలిన ముఖాలు, ఇస్త్రీ చేసిన చొక్కాలు. ఇంట్లో బెంగపడతారని జబ్బుల సంగతి, అడవి సంగతి ఎవరూ ఎత్తరు. యుద్ధం పేరే వినబడని యుద్ధ చిత్రాలు ఇవి. సేనాధిపతులను చూపించే గంటల నిడివి న్యూస్‌రీళ్లకన్నా, యుద్ధం మనిషిని ఇంటి నుంచి ఎంత దూరం తీసుకుపోతుందో ఇవే బాగా చెబుతాయి.

1946 దాకా ఇలాంటివి వందల కొద్దీ తీశారు. పని అయిపోయాక దాచాలని ఎవరికీ తోచలేదు. మిగిలినవి కొన్ని పదులే. మాంచెస్టర్ ప్రాంతపు రీళ్లు అక్కడి టౌన్ హాల్ నేలమాళిగలో దొరికి, మాంచెస్టర్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయంలోని నార్త్ వెస్ట్ ఫిలిం ఆర్కైవ్‌కు చేరాయి. ఆర్కైవ్ వాళ్లు ఊరుకోలేదు. ఫిలింలో వినిపించే పేర్లు, చిరునామాలు పట్టుకుని కుటుంబాలను వెతికి, దాదాపు 70 ఏళ్ల తర్వాత మళ్లీ అదే నగరంలో ప్రత్యేక ఆట వేశారు. ఈసారి చూడవచ్చినవాళ్లు ఆ సైనికుల పిల్లలు, మనవలు. తండ్రి గొంతు కుర్రతనంలో ఎలా ఉండేదో కొందరు మొదటిసారి విన్నారు.

మిచెల్, కెన్యన్ ఫిలిములను బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు వార్విక్‌షైర్‌లోని గేడన్‌లో సున్నాకు 5 డిగ్రీలు దిగువన చల్లబరిచిన గిడ్డంగిలో ఉంచింది. ఈ భాగంలో చెప్పుకున్న ఫిలిములు చాలావరకు ఆ సంస్థ, వార్ మ్యూజియం అంతర్జాలంలో పెట్టినవాటిలో చూడవచ్చు. బ్రిటిష్ పాథే కూడా 2014లో తన 85,000 ఫిలిములను యూట్యూబ్‌లో పెట్టింది. చూసేటప్పుడు ధ్వని తీసేసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూడండి.

వచ్చే భాగంలో 1945 ఏప్రిల్‌కు వెళ్దాం. బ్రిటిష్ సైన్యపు కెమెరామన్లు బెర్గెన్ బెల్సెన్ నిర్బంధ శిబిరంలో అడుగుపెట్టి తీసిన రీళ్లు, వాటితో సిడ్నీ బెర్న్‌స్టీన్ మొదలుపెట్టిన సినిమా, దాన్ని సగంలో ఎందుకు అటకెక్కించారు, 2014లో ఎలా పూర్తయింది అన్నది అందులో.